సుజాతకు, గుండిగల సంగతి

చిన్నమ్మా,

ఒంగోలులో భోజనాల మెస్సు పెడుతున్నావనీ, అన్నం వండే పెద్ద ఇత్తడి గుండిగలు అటక మీంచి దింపించావనీ మీ అమ్మ చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల నలుగురికి అన్నం పెడుతుందంటే గర్వంగా ఉంది. కానీ ఏ గుండిగలో ఎన్ని కుంచాలు పడతాయో చూడగానే చెప్పేశావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

పాత కొలతల లెక్క నీకు తెలిసిందే: 4 గిద్దలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక, 4 మానికలు కుంచం. అన్నట్టు, లోపలి కళాయి పూత పోయిన ఇత్తడిలో పులుసు కాచకు.

కందుకూరులో మీ మామయ్య గృహప్రవేశం నాడు ఏమైందో నీకెవరూ చెప్పి ఉండరు. గుండిగ బొజ్జ చూసి, నాలుగు కుంచాలు పడుతుందన్నాడు. అంతవరకు నిజమే. అయితే రెండు కుంచాల బియ్యం పోయించి, అంచు దాకా నీళ్ళు పట్టించాడు. బియ్యం ఉడికితే దాదాపు మూడింతలవుతుంది కదా! గంజి పొంగి పొయ్యి ఆరింది. అడుగు మాడింది, పైన పలుకు మిగిలింది. రెండో బంతికి ఆకులు వేసి, నీళ్ళు చల్లి, అందరూ కూర్చున్నాక అన్నం లేదు. మా అమ్మ బేసిను పట్టుకుని ఇరుగుపొరుగు ఇళ్ళకు పరుగెత్తింది. ఒక ముసలాయన ఎంతో మర్యాదగా, ఆకలి లేదంటూ లేచి వెళ్ళాడు. ఆకు ముందు కూర్చున్న మనిషి అలా లేచిపోవడం నీ ఇంట జరగకూడదు తల్లీ.

నాలుగు కుంచాల గుండిగలో ఒక్క కుంచం బియ్యమే వండు. కంటిని నమ్మకు. ఎత్తు ఒకటే అయినా, వెడల్పు రెట్టింపైన గిన్నెలో నాలుగింతలు పడుతుంది. చూపుకు మాత్రం పొడవాటిదే పెద్దదిగా కనిపిస్తుంది. మానికతో నీళ్ళు పోస్తూ, కుంచం నిండినప్పుడల్లా వెదురు పుల్లను నిలువుగా ముంచి, తడిసినంత మేర గాటు పెట్టు. గుండిగకొక పుల్ల ఉంచుకో. మానిక మాత్రం మీ అమ్మదే వాడు, అరువు తేకు. ఊరికో కొలత ఉండేది. బియ్యాన్ని గోపురంగా పోయకుండా అంచుకు చదును చేసి కొలువు.

బేరం మాత్రం కిలోల్లోనే చెయ్యి. ధాన్యాన్ని కొలిచే పుట్టి అంటే నెల్లూరు ధాన్యం వ్యాపారులకు 850 కిలోలు. ఇంకోచోట లెక్క వేరు.

మెస్సు తెరిచే ముందు ఒకసారి మీ ఇంట్లో వాళ్ళకే వండిపెట్టి చూడు. నన్నూ పిలువు, బస్సెక్కి వస్తాను.

మీ పెద్దమ్మ