మాట పుట్టిల్లు: ‘బోర్డు’కు ఇన్ని అర్థాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

ప్రశ్న: తరగతి గదిలో రాసేదీ బోర్డే, కంపెనీని నడిపే పెద్దల బృందమూ బోర్డే. పిల్లలు ఉండి చదువుకునేది బోర్డింగ్ స్కూలు, విమానం ఎక్కడానికి చూపించేది బోర్డింగ్ పాస్. ఇవన్నీ ఒకే మాటా? లేక పలకడంలో కలిసిన వేర్వేరు మాటలా?

జవాబు: రెండు మాటలు కలిసిపోయి ఒకటైన సందర్భం ఇది. పాత ఇంగ్లీషులో ‘బోర్డ్’ అంటే కోసిన చెక్క పలక. యోధులు పట్టుకునే చెక్క డాలును కూడా అలాగే పిలిచేవారు. సరిగ్గా అదే రూపంలో ఇంకో మాట ఉండేది. దానికి అర్థం అంచు, ముఖ్యంగా ఓడ పక్కభాగం. ఓడ పక్కలను పలకలతోనే కట్టేవారు కాబట్టి రెండింటినీ విడదీసి చూడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఈ ‘అంచు’ మాటకు తోబుట్టువు ఒకటి ఫ్రెంచిలో చేరింది. అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి వచ్చిందే ‘బోర్డర్’.

కాబట్టి ఏ ప్రయోగం ఎదురైనా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న: ఇది పలక తాలూకుదా, ఓడ పక్క తాలూకుదా? అర్థాల జాబితాను బట్టీ పట్టడం కన్నా ఈ పద్ధతి చాలా మేలు.

పలక వైపు కథ భోజనాల బల్లతో మలుపు తిరిగింది. మధ్యయుగపు యూరప్ ఇళ్లలో చాలావాటిలో బల్లకు కాళ్లు బిగించి ఉండేవి కావు. విడి స్టాండ్ల మీద పొడుగు పలకలు పరిచి తినేవారు, తిన్నాక ఎత్తి గోడకు చేర్చేవారు. అలా బోర్డు అంటే బల్ల అయింది. 14వ శతాబ్దానికి ఆ బల్ల మీద పెట్టే భోజనం కూడా అయింది. ‘బోర్డ్ అండ్ లాడ్జింగ్’లో బోర్డ్ అంటే తిండి, లాడ్జింగ్ అంటే బస. బోర్డింగ్ అంటేనే బస అని చాలామంది అనుకుంటారు. మొదట్లో అది తిండి మాటే. డబ్బు తీసుకుని భోజనం పెట్టే చోట బస కూడా ఉండటంతో రెండో అర్థం అంటుకుంది. ‘బోర్డింగ్ స్కూల్’ అన్న పేరు 17వ శతాబ్దంలో వచ్చింది.

అదే బల్ల చుట్టూ కూర్చుని ఆలోచనలు చేసేవారు. ముందు సభ జరిగే బల్లకు, తర్వాత ఆ బల్ల దగ్గర కూర్చునే వాళ్లకు ఆ పేరు చెల్లింది. డైరెక్టర్ల బోర్డు, పరీక్షల బోర్డు అన్నీ ఈ కొమ్మవే. బ్లాక్‌బోర్డు, చెస్‌బోర్డు, కీబోర్డు మాత్రం నేరుగా పలక నుంచే వచ్చాయి. ‘కీబోర్డు’ కంప్యూటర్ కన్నా పాతది, 19వ శతాబ్దంలోనే పియానో మెట్ల వరుసకు ఆ పేరుంది. కంప్యూటర్‌లో చిన్న సర్క్యూట్ బోర్డులను తనలో గుచ్చుకోనిచ్చే పెద్ద బోర్డు కాబట్టి అది మదర్‌బోర్డు అయింది. దానికి గుచ్చే చిన్నదాన్ని డాటర్‌బోర్డు అంటారు.

ప్రశ్న: మరి ఓడ పక్క సంగతి? ‘స్టార్‌బోర్డ్’లో స్టార్ అంటే నక్షత్రమేనా?

జవాబు: నక్షత్రంతో దానికి సంబంధం లేదు. ఆ మాట పాత రూపం ‘స్టేయోర్‌బోర్డ్’, అంటే ఓడను తిప్పే పక్క. ఇప్పటి ‘స్టీర్’ క్రియకు ఇది దగ్గరి చుట్టం. ఆ కాలపు ఓడలకు చుక్కాని వెనక మధ్యలో ఉండేది కాదు. వెడల్పాటి తెడ్డును వెనకవైపు కుడి పక్కన కట్టేవారు. అందుకే ఓడ ముందుకు తిరిగి నిలబడితే కుడి పక్క స్టార్‌బోర్డ్. చుక్కాని పట్టినవాడి వీపు ఎడమ పక్కకు ఉంటుంది కాబట్టి ఆ పక్కను పాత ఇంగ్లీషులో ‘బ్యాక్‌బోర్డ్’ అనే అర్థమొచ్చే మాటతో పిలిచేవారు. జర్మన్‌లో ఓడ ఎడమ పక్కకు ఇప్పటికీ ‘బాక్‌బోర్ట్’ అనే పేరు.

ఇంగ్లీషులో ఆ మాట పోయి ‘లార్‌బోర్డ్’ వచ్చింది. చిక్కంతా అక్కడే మొదలైంది. హోరు గాలిలో అరిచి చెప్పే ఆజ్ఞల్లో లార్‌బోర్డ్, స్టార్‌బోర్డ్ ఒకేలా వినిపిస్తాయి. తప్పు వింటే ఓడ తప్పు వైపు తిరుగుతుంది. రేవుకు ఆనించే పక్క కాబట్టి ఎడమకు అప్పటికే ‘పోర్ట్’ అనే మాట కూడా వాడుకలో ఉండేది. బ్రిటిష్ నౌకాదళం 1844లో, అమెరికా నౌకాదళం 1846లో లార్‌బోర్డ్‌ను తీసేసి పోర్ట్‌ను ఖాయం చేశాయి. ఓడకైనా విమానానికైనా స్టార్‌బోర్డ్ దీపం ఆకుపచ్చ, పోర్ట్ దీపం ఎరుపు.

ఇక బోర్డింగ్ పాస్. ‘బోర్డ్’ క్రియగా మొదట్లో ఎదుటి ఓడ పక్కకు చేరి దాడి చేయడమనే అర్థంలో ఉండేది. అది మెత్తబడి ఓడ ఎక్కడమైంది, తర్వాత రైలుకూ విమానానికీ పాకింది.

ప్రశ్న: దర్జా అనే అర్థమున్న ‘పాష్’ (posh) అనే మాట కూడా ఓడల నుంచే వచ్చిందంటారు. వెళ్లేటప్పుడు పోర్ట్, తిరిగొచ్చేటప్పుడు స్టార్‌బోర్డ్ పక్క గది తీసుకునే ధనవంతుల టికెట్ల మీద ‘పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్’కు గుర్తుగా P, O, S, H అనే నాలుగు పొడి అక్షరాలు ముద్రించేవారట. నిజమేనా?

జవాబు: కాదు. అలా ముద్రించిన టికెట్ ఒక్కటి కూడా దొరకలేదు. పొడి అక్షరాలతో మాట పుట్టిందని చెప్పే కథ, అందులోనూ 20వ శతాబ్దానికి ముందరి మాట గురించైతే, దాదాపు ఎప్పుడూ తర్వాత అల్లిందే. అలాంటిది వినగానే రుజువు అడగండి.

ప్రశ్న: ‘ఆన్ బోర్డ్’, ‘ఆన్ ద బోర్డ్’ ఒకటేనా? ‘బోర్డెడ్ ఇన్‌టు ద ట్రెయిన్’ అని రాస్తే మాస్టారు కొట్టేశారు.

జవాబు: ఆయన కొట్టేయడం సరైనదే. బోర్డ్ క్రియలోనే ‘లోపలికి’ అన్న అర్థం ఉంది, కాబట్టి ‘బోర్డెడ్ ద ట్రెయిన్’ చాలు. ఓడ, రైలు, బస్సు, విమానం ఎక్కడానికే దాన్ని వాడాలి. కారుకైతే ‘గెట్ ఇన్‌టు’ అనాలి.

‘ఆన్ బోర్డ్’ ఓడ పక్క నుంచి వచ్చింది: వాహనంలో ఉండటం, లేదా ఒక పనిలో కలిసి రావడానికి ఒప్పుకోవడం. ‘ఆన్ ద బోర్డ్’ బల్ల నుంచి వచ్చింది: పాలకవర్గంలో సభ్యత్వం. మధ్యలో ‘ద’ మరిచిపోతే కంపెనీ డైరెక్టరు కాస్తా మామూలు ఉద్యోగి అయిపోతాడు. ‘అబోర్డ్’కూ ‘అబ్రాడ్’కూ చుట్టరికం లేదు. రెండోది వెడల్పు అనే అర్థమున్న ‘బ్రాడ్’ నుంచి పుట్టింది. ‘బోర్డ్ అప్’ అంటే కిటికీకో తలుపుకో చెక్కలు కొట్టి మూసేయడం.

ప్రశ్న: ‘కప్‌బోర్డ్’ అని స్పష్టంగా పలకాలా?

జవాబు: వద్దు. ‘కబడ్’ అన్నట్టుగా, మొదటి అక్షరం ఊది పలకాలి. పకారం బకారంలో కలిసిపోయింది. మొదట అది కప్పులు పేర్చిపెట్టే బల్ల, తలుపులున్న బీరువా అర్థం 16వ శతాబ్దంలో వచ్చింది.

ప్రశ్న: ఇలాంటివి సొంతంగా తెలుసుకోవాలంటే నిఘంటువు ఎలా చూడాలి?

జవాబు: ముందు శీర్షిక పదం పక్కన 1, 2 అని చిన్న అంకెలున్నాయేమో చూడండి. ఉంటే అవి సాధారణంగా మూలాలు వేరైన మాటలు. ఒకే శీర్షిక కింది అంకెలు మాత్రం ఒకే మాట శాఖలు. తర్వాత ఆ నిఘంటువు అర్థాలను ఏ వరుసలో పెట్టిందో ముందుమాటలో చదవండి. ఆక్స్‌ఫర్డ్ వారి పెద్ద నిఘంటువు పాత అర్థం నుంచి కొత్త అర్థానికి నడుస్తుంది. విద్యార్థుల నిఘంటువులు ఎక్కువగా వాడే అర్థాన్ని ముందు పెడతాయి. ఈ తేడా చూసుకోకుండా మొదట కనిపించిందే అసలు అర్థమనుకుంటే అక్కడే దారి తప్పుతాం. చివరగా ఒక్కో అర్థానికిచ్చిన తొలి ప్రయోగం తేదీ చూడండి. అది రాతలో దొరికిన తొలి తేదీ మాత్రమే, మాట పుట్టిన తేదీ కాదు. నోటి వాడుక అంతకన్నా ముందే ఉండొచ్చు.