సెమీ క్రిస్మస్ ఎప్పుడు పెట్టుకోవాలి? నా సమాధానం
చెల్లెమ్మా, ఒంగోలులో మీ కాలేజీ సెమీ క్రిస్మస్ (పండగకి ముందే జరుపుకునే క్రిస్మస్ వేడుక) బాధ్యత మీ బ్యాచ్‌కే ఇచ్చారనీ, 20 తర్వాత హాస్టల్ ఖాళీ అవుతుందనీ, గ్రౌండ్‌లో స్టేజీ వేస్తే వాన భయమనీ రాశారు. టెన్షన్ పడకండి.

డిసెంబరు రెండో వారంలోనే పెట్టేయండి. మన తీరాన్ని ఈశాన్య రుతుపవనాల వానలు అప్పటికీ పూర్తిగా వదలవు, అందుకే ఆడిటోరియమే అడగండి. మేము చదివేటప్పుడు ఒక ఏడాది గ్రౌండ్‌లోనే వేశాం. పశువులపాక మీద కప్పిన వరిగడ్డి తడిసి ముద్దయింది, రంగు కాగితాల నక్షత్రం గుజ్జులా చేతికి అంటుకుంది. ఆ రాత్రి అందరం ఏడ్చాం. మైకు రాత్రి పదికల్లా ఆపాలి, కాబట్టి క్యారల్స్ ఆరుకే మొదలుపెట్టండి.

నాటకానికి కథ కావాలన్నారు కదా, మన ఊరిదే ఉంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికా బాప్టిస్టు మిషనరీ జూవెట్ దొర దంపతులు మరో ముగ్గురితో ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. 1866లో అదే మిషన్ నుంచి క్లౌ దొర వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకుముందు కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని ఇప్పించి జనాన్ని బతికించిన సీను మాత్రం వదలొద్దమ్మా. పలుగూ పారా తట్టా హాస్టల్ తోటమాలిని అడిగితే ఇస్తారు.