క్రోమ్ కెమెరాకి నల్ల రంగు వేస్తనంటున్న మా మేనకోడలికి

బిడ్డా,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నువ్వు మీ నాన్న పెంటాక్స్ విప్పి, పైనున్న తెల్లటి క్రోమ్ పూతంతా గీకేసి నల్ల రంగు వేస్తవట, అది మంచిగొస్తే వేరేవాళ్ల కెమెరాలకి కూడా ఆర్డర్లు తీసుకుంటవట, శని ఆదివారాలు గచ్చిబౌలి ఫ్లాట్ బాల్కనీలనే పని పెట్టుకుంటవట. విన్నప్పటి నుంచి ఒక దిక్కు ఖుషీగున్నది, ఇంకో దిక్కు గుబులుగున్నది. మన ఇంట్ల నా తర్వాత స్క్రూడ్రైవర్ పట్టిన మనిషివి నువ్వొక్కదానివే. చిన్నప్పుడు కోఠి గుజరాతీ గల్లీల నా కెమెరా రిపేరు బెంచీ పక్కన స్టూలేసుకుని కూసొని స్క్రూలు సైజుల వారీగ డబ్బాలల్ల వేసేదానివి, ఒక్కటి కూడా కిందపడనిచ్చేదానివి కాదు. అందుకే ఒక్క మాటల వద్దు అని చెప్పబుద్ధి అయితలేదు. కానీ ఇదంతా చదివినంక కూడా బాల్కనీలనే చేస్తనంటే మాత్రం నేనొచ్చి ఆ సామానంతా ఎత్తుకపోత, ముందే చెప్తున్న.

చిన్న సంగతులు మొదలు చెప్పేస్త. జపాన్ కెమెరాల ప్లస్ స్క్రూలు మామూలు ఫిలిప్స్ కావు, జిస్ అనే జపాన్ కొలతల రకం, దానికి సరిపోయే స్క్రూడ్రైవరే కొను, లేకుంటే తలలు అరిగిపోతయ్. బ్యాటరీ తీసెయ్. విప్పిన ప్రతిదానికి ఫోన్ల ఫొటో తీసుకో. ఇవి నీకు తెలిసినవే, ఇగ అసలు దానికొస్త.

అందరు పైన రంగు చూసి మనసు పారేసుకుంటరు, కింద ఏ లోహమున్నదో ఎవ్వరు చూడరు. నువ్వు మీ అమ్మకి చూపించిన ఫొటో ఏందో నాకు అర్థమైంది, నల్ల లైకా, అంచులకి రంగు పోయి పచ్చగ ఇత్తడి కనపడే బొమ్మ. అది అందమే, నేను కాదంట లేను. 1954ల వచ్చిన లైకా ఎం3, 1959ల వచ్చిన నికాన్ ఎఫ్, మన పెంటాక్స్ స్పాట్‌మాటిక్, వీటి టాప్ ప్లేటు, అంటే పై మూత, ఇత్తడి. దాని మీద నల్ల పెయింట్ వేస్తరు, పెయింట్ మెత్తగుంటది, వేలు ఆనిన కాడ, స్ట్రాప్ రింగు రాసుకున్న కాడ ముందుగాల పోతది. ఏండ్ల తరబడి ఒకే మనిషి చేతుల తిరిగిన నల్ల కెమెరా నా బెంచీ మీదికొస్తే అతను బొటనవేలు ఎక్కడ ఆనిస్తడో, ఏ భుజానికి తగిలిస్తడో అరుగుడు చూసి చెప్పేటోణ్ణి. అది వాడితే వచ్చేది. 2015ల లైకావాళ్లు లెన్నీ క్రావిట్జ్ అనే పాటగాడి డిజైన్‌తోటి 125 కెమెరాలు కొత్తగున్నప్పుడే రంగు రుద్దేసి పాతగ చేసి అమ్మిండ్రు. నాకైతే మనసుకు పట్టలేదు. పని చేయని కెమెరాకి పనిచేసిన గుర్తులెందుకు?

ఇగ కింద ఇత్తడి లేకుంటే ఎంత రుద్దినా పచ్చదనం రాదు. 1976ల వచ్చిన కానన్ ఏఈ-1 చూస్తే మెటల్ అనుకుంటరు, దాని టాప్ ప్లేటు ప్లాస్టిక్, ప్లాస్టిక్ మీదనే ప్లేటింగ్, అంటే లోహపు పూత, చేసిండ్రు. దాని మీద థిన్నర్ పోస్తే ఏమైతదో నేను చెప్పక్కర్లేదు. మీ నాన్న పెంటాక్స్ కె1000 కూడా 1976 నుంచి 1997 దాంక వచ్చింది, పాతవాటికి లోహం, ఆఖరుకొచ్చినవాటికి ప్లాస్టిక్. మీ ఇంట్లది పాతదే, ముందు అసాహి అని చెక్కి ఉంటది చూడు. అయినా ఒకరి మాట మీద నమ్మకు, నా మాట కూడా నమ్మకు. అడుగు ప్లేటు స్క్రూలు విప్పి లోపలి దిక్కు సూదితోటి చిన్నగ గీకు, పచ్చగ వస్తే ఇత్తడి, తెల్లగ వస్తే అల్యూమినియమో జింకో, పొడి పొడిగ లేస్తే ప్లాస్టిక్. అయస్కాంతం పెట్టి చూస్తనంటరు కొందరు, ఇత్తడికి అంటదు, అల్యూమినియంకి అంటదు, దాంతోటి ఏం తెల్వదు. జింక్ ఐతే ఇంకో తలనొప్పి. 1984ల వచ్చిన లైకా ఎం6 టాప్ ప్లేటు జింకే, అంత ఖరీదు కెమెరాకి కూడా కొన్నిట్ల కింద నుంచి తుప్పు పట్టి పైన బుడగలు లేస్తయ్, దానికి నువ్వేం చేయలేవు, నేనేం చేయలేను. 2022ల అదే పేరు మీద మల్ల తీసినప్పుడు ఇత్తడికే వచ్చిండ్రు.

నల్లవన్నీ ఒక్కటే కాదు. 1970 దశకంల బ్లాక్ క్రోమ్ అని వచ్చింది, అది పెయింట్ కాదు, ప్లేటింగే, జర బూడిద కలిసిన నలుపు, పెయింట్ లెక్క నున్నగ మెరవదు కానీ మస్తు గట్టిది. నీ ఫ్రెండ్ దగ్గరున్న ఫుజీ ఎక్స్100వి టాప్ ప్లేటు అల్యూమినియం, దానికి యానోడైజింగ్. దాన్ని అర్థం చేసుకోవాలంటే చార్మినార్ దిక్కు బిద్రీ దుకాణానికి పో. జింక్, రాగి కలిపి పోసిన ప్లేటుని బీదర్ కోట మట్టి, నవాసారం (అమోనియం క్లోరైడ్) కలిపిన నీళ్లల్ల ముంచితే లోహం చర్మమే నల్లబడ్తది, పైన రంగు పూసింది ఏం లేదు, అందుకే అది పెచ్చులు లేవదు. యానోడైజింగ్ కూడా గంతే, అల్యూమినియం పైపొరనే ఆక్సైడ్ చేసి దాని సందులల్ల రంగు నింపుతరు. గోటికి రాదు, కానీ తాళంచెవితోటి గట్టిగ గీరితే తెల్లగ గీత పడ్తది, ఆ గీత ఎప్పటికీ తెల్లగనే ఉంటది, ఇత్తడి లెక్క అందం రాదు. టైటానియం నికాన్‌వాళ్లు ఎఫ్2 టైటాన్, ఎఫ్3/టి అని చేసిండ్రు, 2019ల ఫుజీ ఎక్స్-ప్రో3 టాప్, బాటమ్ కూడా టైటానియమే, దానికి సిటిజెన్ గడియారాలవాళ్ల డ్యూరాటెక్ట్ అనే గట్టి పూత వేసింది కూడా ఉన్నది, గీతలు పడుడు కష్టం, కానీ వేలిముద్రలు మాత్రం కొట్టొచ్చినట్టు కనపడ్తయ్. ఎండాకాలం మన చెమట చేతులకి రోజంతా తుడుచుకుంటనే ఉండాలె.

రబ్బరు పూత ఉన్నదాన్ని మాత్రం కొనొద్దు, ఆర్డర్ కూడా తీసుకోవద్దు. నికాన్ ఎఫ్100, ఎఫ్80 వెనక తలుపు ముట్టుకుంటే చేతికి జిగట అంటుకుంటది, ఆ పూత వయసుకి అట్లనే కరుగుతది, మే నెలల కార్ల పెడితే ఇంకా జల్ది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోటి తుడిస్తే పోతది, కానీ పూత మొత్తం పోయి కింద ప్లాస్టిక్ బయటపడ్తది.

మరి క్రోమ్ ఏం పాపం చేసింది బిడ్డా? ఇత్తడి మీద నికెల్, నికెల్ మీద క్రోమ్, అన్నీ కలిపినా వెంట్రుక మందం ఉండదు, కానీ ఆ పైపొర ఇత్తడి కన్నా ఎన్నో రెట్లు గట్టిది. మన పెండ్లిళ్లల్ల చూడు, పసుపు, కుంకుమ, హారతి పొగ, పన్నీరు, పైనుంచి చెమట ఉప్పు, ఇవన్నీ పడ్డ క్రోమ్ కెమెరాని రాత్రి ఇంటికొచ్చి తడి గుడ్డతోటి ఒకసారి, పొడి గుడ్డతోటి ఒకసారి తుడిస్తే పొద్దుగాలకి మల్ల కొత్తదే. తోలు కేసుల పెట్టి బీరువాల మూసిపెట్టినవే పాడైనయ్, కేసు చెమ్మ పట్టి ఉంచుతది, గీత పడ్డ కాడ ఆకుపచ్చ తుప్పు లేస్తది. నీ చేతుల ఉన్న పెంటాక్స్ ఇంత మంచిగున్నదంటే ఆ క్రోమ్ వల్లనే. దాని మీద ఒకసారి నల్ల రంగు పడ్డదని నీకు తెల్వదు గద. షట్టర్ స్పీడ్ డయల్ అంచుకి సన్న సన్న గాట్లుంటయ్ కదా, భూతద్దం పెట్టి చూడు, ఒకటి రెండు గాట్లల్ల నల్లగ ఇంకా కనపడ్తది. అది నీ తండ్రి చేసిన పని.

అప్పటికి నువ్వు పుట్టలేదు. బావ పగలు నౌకరీ, లగ్గాల సీజన్ల ఫొటోలు. పబ్లిక్ గార్డెన్స్ కాడ ప్రెస్‌వాళ్ల మెడలల్ల నల్ల నికాన్లు చూసొచ్చిండు, అప్పట్ల నల్ల కెమెరా అంటేనే పెద్ద ఫొటోగ్రాఫర్ అని లెక్క, క్రోమ్ అంటే షోకుకి కొనుక్కున్నోడు అని. నాకు చెప్పలేదు, చెప్తే తిడ్తనని తెలుసు. రాణిగంజ్ పోయి బండ్లకి కొట్టే నల్ల స్ప్రే డబ్బా తెచ్చి, చిక్కడపల్లి ఇంటి డాబా మీద రేకుల కింద, అది కూడా ముసురు పట్టిన శ్రావణమాసంల, లెన్సుకి ఫైండర్‌కి టేపు అంటించి, మిగతా కెమెరా ఉన్నదున్నట్టు మీద కొట్టిండు. ఒక్క డయల్ విప్పలేదు, ఒక్క లివర్ తీయలేదు. క్రోమ్‌ని గరుకు చేయలేదు, ప్రైమర్ లేదు. గాలిల చెమ్మకి రంగు మీద తెల్లటి మసక వచ్చింది, దానిమీద మల్ల ఇంకో పూత కొట్టిండు. తెల్లారి నా దగ్గరికి పట్టుకొచ్చిండు, మొఖం వెలిగిపోతున్నది. నిజం చెప్తున్న, దూరం నుంచి చూస్తే మంచిగనే ఉండె. నేను గోరుతోటి మూల మీద గీరిన, రూపాయి బిళ్లంత పొర ఊడి నా చేతికొచ్చింది. నున్నటి క్రోమ్‌కి రంగు పట్టేదానికి సందే ఉండదు, పైన ఊరికె కూసుంటది గంతే. లగ్గం ఐనంక తీస్తలే బావా అన్నడు.

ఆ లగ్గం నల్గొండ దిక్కు. పగలు ఎదుర్కోళ్లు ఎండల తీసిండు, షట్టర్ స్పీడు 500ల, అంటే సెకనుల 500వ వంతుకి, పెట్టిండు. తలంబ్రాలకి మండపంలకి వచ్చినంక ఫ్లాష్ పెట్టి డయల్ 60కి తిప్పబోతే తిరుగతలేదు, కిందికి జారిన రంగు డయల్‌కి ప్లేటుకి నడుమ గట్టిపడి పట్టేసింది. పంతులు తొందర పెడ్తున్నడు, పిలగాడి తల్లి ఫొటో ఫొటో అని ఒర్రుతున్నది, బావ బలవంతంగ తిప్పిండు. డయల్ తిరిగింది, 60 చూపిస్తున్నది, కానీ లోపల పట్టు జారింది, షట్టర్ మాత్రం 500లనే ఉన్నది. కె1000ది అడ్డంగ పోయే గుడ్డ షట్టర్, 60 దాటితే ఫ్లాష్ వెలిగే టైంకి ఫిల్ము మొత్తం తెరుచుకోదు, ఒక పట్టీ అంతే తెరుచుకుంటది. రీలు కడిగినంక నెగిటివ్ లైటు మీద పెట్టి చూసినం. ప్రతి ఫొటోల ఒక నిలువు పట్టీల పిల్ల సగం మొఖం, బాసికం, పైనుంచి పడుతున్న నాలుగు తలంబ్రాలు, మిగతాదంతా చీకటి. పుస్తె కట్టుడు, తలంబ్రాలు, ఏడడుగులు, అన్నీ అట్లనే. బావ అడ్వాన్స్ వాపస్ ఇయ్యనీకి తానే నల్గొండ పోయిండు. పిల్ల తండ్రి తిట్టలేదట, పైసలు ఎందుకయ్యా, ఆ గడియ మల్ల వస్తదా అన్నడట. బస్సు దిగి సీదా నా దుకాణానికి వచ్చి కూసున్నడు, చాయ్ తెప్పిస్తే అట్లనే చల్లారిపోయింది. ఆ సీజన్ మొత్తం కెమెరా ముట్టలేదు. పెయింట్ రిమూవర్, అగ్గిపుల్ల మొన, పాత బ్రష్ పెట్టి నేను మెల్లమెల్లగ ఒలిచిన, అంతా పోయినంక చూస్తే క్రోమ్‌కి ఒక్క మచ్చ లేదు, ఎట్లుండేదో అట్లనే ఉన్నది. మీ నాన్న మీద కోపం తెచ్చుకోకు, అంత సంబరంగ అతణ్ణి నేను మల్ల ఎన్నడు చూడలేదు, ఆ రంగు కెమెరా పట్టుకొచ్చిన పొద్దున చూసినంతే.

ఇప్పుడు నాకు రాత్రి నిద్ర పట్టనీయని సంగతి. క్రోమ్ గీకితే రాదు కాబట్టి నువ్వు యూట్యూబ్ల చూసి కాస్టిక్ సోడా నీళ్లల్ల ముంచి చార్జర్ వైర్లు తగిలిస్తవు, నాకు తెలుసు, అందరు అదే చూపిస్తున్నరు. నీళ్లు పసుపురంగుకి తిరుగుతయ్ చూడు, అది హెక్సావాలెంట్ క్రోమియం, క్యాన్సర్ తెచ్చేది. సింకుల పోస్తే చెరువులకే పోతది. బాత్‌రూం యాసిడ్‌తోటి చేస్తనంటే ఆ ఆవిరికి నీ ఊపిరితిత్తులు, చుట్టున్న ఇనుము రెండూ పోతయ్. బాలానగర్ల నేను చిన్న పార్టులు ప్లేటింగ్‌కి ఇచ్చే కాడ తొట్టి దగ్గర ఒకతను పనిచేసేటోడు, నా ఈడోడే. క్రోమిక్ యాసిడ్ ఆవిరి పీల్చి పీల్చి ముక్కు లోపల రెండు రంధ్రాల నడుమ గోడకి తూటు పడ్డది. ఊపిరి తీస్తే సన్నగ ఈల చప్పుడొచ్చేది, మాట్లాడుతుంటే కూడా వినపడేది. నొప్పి లేదు సార్ అనేటోడు. నీ బాల్కనీ తలుపు తెరిస్తే మీ అమ్మమ్మ మంచమే కదా ఉన్నది. చెయ్యకు తల్లీ. నీ కాళ్లు పట్టుకొని అడుగుతున్న అనుకో, ఆ ఒక్క పని చెయ్యకు.

నల్ల కెమెరా కావాలంటే నా ట్రంకుపెట్టెల చచ్చిన స్పాట్‌మాటిక్ ఉన్నది, ఫ్యాక్టరీల నల్ల పెయింట్ వేసిందే, కింద ఇత్తడి, క్రోమ్ బాధ లేదు. దాని టాప్ ప్లేటు తీస్కపో. పాత రంగు జెల్ రిమూవర్‌తోటి తీసెయ్, చెక్కిన అక్షరాలు అగ్గిపుల్లతోటి శుభ్రం చెయ్, సబ్బునీళ్లు, తర్వాత ఆల్కహాల్, తర్వాత చేయి తగలనీయకు, గ్లవ్స్ వేసుకో. లోహాన్ని జర కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ పల్చగ ఒకటి, దాని మీద నలుపు పల్చ పల్చగ, ఒకటి ఆరినంకనే ఇంకోటి. ఓవెన్ల కాల్చుడు ఉంటది, దానికి అన్నం వండే ఓవెన్ వాడకు, పాతది ఒకటి వేరేగ కొను, అద్దం ప్రిజం ఏది లోపల ఉండొద్దు. ఆఖరుకి అక్షరాలల్ల తెల్ల ఎనామిల్ నింపి పైన తుడిచెయ్. ఇదంతా సంక్రాంతి ముందర, గాలి పొడిగున్నప్పుడు, ఇంట్ల కాదు, మా ఇంటి వెనక షెడ్డుల, మాస్క్ పెట్టుకొని. ఆర్డర్ల సంగతి అది చూసినంక మాట్లాడుదాం. ఒకరి తాత కెమెరా మన చేతుల పెట్టేముందు మన చేయి ఎట్లుందో మనకు తెల్వాలె కదా.

మీ అమ్మ చెప్పింది స్ప్రే డబ్బాలు, కాస్టిక్ సోడా అప్పుడే తెచ్చి పెట్టినవని. సీలు తీయకు, బిల్లు ఉంటే పట్టుకొని రేపే పో, వాపస్ తీసుకోకుంటే ఆ దుకాణం నంబర్ నాకు పంపు, నేను మాట్లాడ్త.

మీ మామ