మాత్రలు వాడేటప్పుడు నెలసరి లెక్క

చి.ల.సౌ. సుజాతకు పెద్దమ్మ ఆశీస్సులు.

గర్భం రాకుండా వేసుకునే మాలా-ఎన్ మాత్రలు మొదలుపెట్టిన రెండో నెలలోనే మధ్యలో రక్తపు మరకలు కనపడుతున్నాయనీ, మానేద్దామనుకుంటున్నాననీ రాశావు. షీటు సగంలో మాత్రం ఆపకు తల్లీ. అలా ఆపితే రెండు మూడు రోజుల్లో రక్తస్రావం ఇంకా ఎక్కువవుతుంది, గర్భం వచ్చే అవకాశమూ ఉంటుంది.

షీటులో 28 మాత్రలుంటాయి కదా. హార్మోన్లు ఉండేది 21 తెల్ల మాత్రల్లోనే. మిగతా 7 ఐరన్‌వి. తెల్లవి వేసుకుంటున్నన్నాళ్లూ అండం విడుదల కాదు, గర్భసంచి లోపలి పొర మందంగా పెరగదు. తెల్లవి అయిపోయిన రెండు మూడు రోజులకి ఆ పలచని పొర ఊడి వస్తుంది. ఐరన్ మాత్రల వారంలో నీకు కనిపించేది అదే. అందుకే రక్తమూ తక్కువ, నొప్పీ తక్కువ. చెడు రక్తం లోపలే పేరుకుపోతోందని మీ అత్తగారు భయపడుతుంటే, అసలు పొరే పెరగనప్పుడు పేరుకునేదేమీ ఉండదని నెమ్మదిగా చెప్పు.

మధ్యలో మరకలు మొదటి మూడు నెలల్లో చాలామందికి వస్తాయి, తర్వాత వాటంతటవే తగ్గుతాయి. ఈలోగా వేళ తప్పుతున్నావేమో చూసుకో. ఒకరోజు పొద్దున, ఒకరోజు రాత్రి వేసుకుంటే మరకలు రావచ్చు. రోజూ రాత్రి అన్నం తిన్నాక వేసుకో, వికారం కూడా తగ్గుతుంది. వేసుకున్న రెండు మూడు గంటల్లోపే వాంతి అయితే ఇంకో తెల్ల మాత్ర వేసుకోవాలి. టీబీకిచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకిచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ ఈ మాత్రల బలాన్ని తగ్గిస్తాయి. అవి వాడాల్సి వస్తే డాక్టరుకు ముందే చెప్పి వేరే పద్ధతి అడుగు.

ఒక తెల్ల మాత్ర మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకో, ఆ రోజుది మామూలు వేళకే వేసుకో. ఒకే రోజు రెండు పడినా పరవాలేదు. వరసగా రెండు, అంతకంటే ఎక్కువ మరిచిపోతే ఒకటి వెంటనే వేసుకుని, ఆ తర్వాతవి రోజుకొకటి కొనసాగిస్తూ 7 రోజులు కండోమ్ వాడాలి. అది మూడో వారంలో జరిగితే తెల్లవి పూర్తి చేసి, ఐరన్‌వి వదిలేసి, మర్నాడే కొత్త షీటు మొదలుపెట్టు. ఆ నెల నెలసరి రాదు, కంగారు పడకు. పెళ్లికో తిరుమల ప్రయాణానికో నెలసరి వాయిదా వేసుకోవాలన్నా నీకు ఈ దారే చాలు, నెలసరి వాయిదాకి వాడే నోరెథిస్టిరోన్ మాత్రలు విడిగా కొనక్కర్లేదు.

మాత్రలన్నీ సరిగ్గా వేసుకున్నా ఒక నెల రక్తం కనపడకపోతే కొత్త షీటు వేళకే మొదలుపెట్టు. మధ్యలో మాత్రలు తప్పినా, వరసగా రెండు నెలలు రాకపోయినా గర్భం ఉందేమో మూత్రపరీక్ష చేసుకో.

మీ తోడికోడలు గర్భం రాకుండా తీసుకుంటున్న అంతరా ఇంజెక్షన్ దారి వేరు. అది మూడు నెలలకొకసారి. మొదట్లో రక్తం ఎప్పుడు పడుతుందో తెలియదు, ఏడాది తిరిగేసరికి చాలామందికి అసలు ఆగిపోతుంది. అది జబ్బు కాదు. కానీ ఆపాక మళ్లీ గర్భం రావడానికి చివరి ఇంజెక్షన్ నుంచి 7 నుంచి 10 నెలలు పడుతుంది కనుక, త్వరలో బిడ్డ కావాలనుకుంటే ముందుగానే ఆలోచించుకోమను. మాత్రలకు అంత ఆలస్యం ఉండదు.

మూడు నెలలు దాటినా మరకలు తగ్గకపోయినా, రక్తం 8 రోజులు దాటి పోతున్నా, నీకు మామూలుగా అయ్యేదానికి రెట్టింపు అవుతున్నా ఆసుపత్రికి వెళ్లు. ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఛాతీలో నొప్పి, ఆయాసం, చూపు మసకబారే తలనొప్పి వచ్చినా ఆ రోజే మాత్ర ఆపి వెంటనే వెళ్లాలి, అవి రక్తం గడ్డకట్టే సూచనలు కావచ్చు.

మొదలుపెట్టే ముందు బీపీ చూశారో లేదో నువ్వు రాయలేదు. చూడకపోతే ఈ వారమే మీ ఊరి నర్సమ్మ (ఏఎన్‌ఎం) దగ్గరికి వెళ్లి చూపించుకుని, ఎంతుందో నాకు ఫోన్ చేసి చెప్పు.

పెద్దమ్మ