ఎల్‌శాట్‌లో రెండు స్కోర్లు: వివరణ ఇవ్వాలా, ఇస్తే ఏమని?

పర్లాకిమిడి నుంచి అమెరికా వచ్చి లా చదవాలనుకుంటున్న ఒక అమ్మాయికి ఇక్కడి లా స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్‌లో మొదటిసారి 151, రెండోసారి 163 వచ్చాయి. ఆ తేడాకు దరఖాస్తుతో పాటు వివరణ జతచేయాలా అని అడుగుతూ, తాను రాసుకున్న చిత్తుప్రతిని కూడా నాకు పంపింది. మాదీ అదే దక్షిణ ఒడిశాలోని బరంపురం కావడం వల్ల అందులోని ప్రతి మాటా నాకు తెలిసిన జీవితమే. అయినా దాన్ని అలాగే పంపవద్దని చెప్పవలసి వచ్చింది.

మన వైపు లా ప్రవేశ పరీక్ష క్లాట్ రాసినవారికి ర్యాంకే సర్వస్వం. అది ఎందుకు తగ్గిందని కటక్‌లోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఎవరినీ అడగదు. ఇక్కడ మాత్రం 120 నుంచి 180 వరకు ఉండే ఈ స్కోర్లలో, సుమారు గత ఐదేళ్లలో మీకు వచ్చినవన్నీ పరీక్ష నిర్వహించే సంస్థ ఎల్‌శాక్ ఇచ్చే నివేదిక ద్వారా ప్రవేశాల కమిటీ ముందుకు వెళతాయి. అయితే లా స్కూళ్లు తమ విద్యార్థుల వివరాలను న్యాయవాదుల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్‌కు సమర్పించేటప్పుడు ఒక్కొక్కరి అత్యధిక స్కోరునే లెక్కలోకి తీసుకుంటాయి గనుక, మీ 163ను నమ్మడం వారికీ లాభమే; ఆ నమ్మకానికి ఆధారం చూపడమే మీ పని. రెండు మూడు పాయింట్ల తేడాకైతే అదీ అక్కర్లేదు, ఎందుకంటే స్కోరు అటూ ఇటూ సుమారు మూడు పాయింట్లు ఉండవచ్చని ఎల్‌శాకే ఒక పరిధిని ప్రకటిస్తుంది. పన్నెండు పాయింట్లంటే చదివేవారికి సందేహం రాక మానదు. కొన్ని స్కూళ్లు దరఖాస్తులోనే ఆ సంగతి అడుగుతాయి.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పై చదువు ఇంగ్లీషులో సాగడం వల్ల మొదటి స్కోరు తగ్గిందని ఆమె రాసింది. అందులో అబద్ధమేమీ లేదు. గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లోని తెలుగు ఇళ్లలో చాలామంది చదువు అలాగే నడిచింది. కానీ ఆ కారణం రెండు పరీక్షల నాడూ ఆమె వెంటే ఉంది కదా! 151 వచ్చినప్పుడు ఉండి 163 వచ్చేనాటికి తొలగిపోయినదేదో, లేదా అప్పుడు లేక తర్వాత వచ్చి చేరినదేదో చూపితేనే తేడాకు కారణం చెప్పినట్టవుతుంది. మూడు భాషల మధ్య పెరిగిన కథను, దరఖాస్తులో తన గురించి తాను రాసుకునే వ్యాసమైన పర్సనల్ స్టేట్‌మెంట్‌లో రాస్తే దానికి విలువ ఉంటుంది, ఈ వివరణలో రాస్తే సాకులా వినిపిస్తుంది.

2024 ఆగస్టు నుంచి పరీక్షలో లాజిక్ గేమ్స్ అనే తార్కిక చిక్కుప్రశ్నల విభాగం లేదు. ఆమె మొదటి పరీక్ష అంతకు ముందుది కాబట్టి ఒక్క వాక్యంలో ఆ మాట చెప్పవచ్చు గానీ, భారమంతా దానిమీదే వేయకూడదు. ఆ మార్పు కమిటీకి తెలిసినదే. గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడింది: మొదటిసారి ఉద్యోగం చేస్తూ, గడియారం పెట్టుకుని ఒక్క పూర్తి నమూనా పరీక్షైనా రాయకుండా వెళ్లింది, రెండోసారి పని గంటలు తగ్గించుకుని, ప్రతి వారం అలాంటి పరీక్ష రాసి, తప్పులు సరిచూసుకుని వెళ్లింది. పరీక్షల తేదీలు, రెండు స్కోర్లు, అప్పటి పరిస్థితి, తర్వాత మారిన పద్ధతి అన్నీ నాలుగైదు వాక్యాల్లో సరిపోతాయి. మనం ఆఫీసులకు పెట్టుకునే అర్జీల్లోని వేడికోలు మాటలు ఇందులో వద్దు. రాని జ్వరాన్ని వచ్చిందని అసలే రాయవద్దు. రేపు న్యాయవాదిగా లైసెన్సు ఇచ్చే ముందు బార్ అధికారులు నడవడిని విచారించేటప్పుడు ఈ దరఖాస్తును కూడా తీసి చూడగలరు.

మూడోసారి రాయమంటారా అని కూడా ఆమె అడిగింది. ఐదేళ్ల వ్యవధిలో ఐదుసార్లు, జీవితం మొత్తంలో ఏడుసార్లు రాయనిస్తారు గనుక అవకాశం ఉంది. నమూనా పరీక్షల్లో 163 కంటే స్పష్టంగా ఎక్కువ వస్తుంటేనే వెళ్లమన్నాను, ఎందుకంటే ఆ మూడోది తగ్గితే సంజాయిషీ చెప్పుకోవలసిన అంకె మరొకటి చేరుతుంది.