ఫార్ఫా గ్రెగరీ గురించి మళ్లీ రాసేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఇటలీలోని ఫార్ఫా మఠం సన్యాసి, కటీనో గ్రెగరీ మీద నీ వ్యాసం చదివాను. సరాసెన్లు, అంటే అరబ్బు దండులు, ఆ మఠం మీద పడిన ఘట్టంతో ఎత్తుకున్నావు. అది 9వ శతాబ్దపు చివరి మాట. గ్రెగరీ పుట్టిందే 1060 ప్రాంతంలో. పైగా ఆ కథకి ఆధారం, గ్రెగరీ పుట్టకముందే ఆ మఠానికి అధిపతిగా ఉన్న హ్యూ రాసిన 'డిస్ట్రుక్సియో' (వినాశం). గ్రెగరీ చూడని మంటల వెలుగులో ఆయన్ని నిలబెట్టి, ఆయన చేసిన పనిని మాత్రం రెండు వాక్యాల్లో తేల్చేశావు.

పనితోనే మొదలుపెట్టు. రోముకు ఉత్తరాన, సబీనా కొండల్లోని ఆ బెనెడిక్టైన్ మఠానికి భూములెక్కువ. చుట్టుపక్కల దొరల కళ్లన్నీ వాటిమీదే. పాత దానపత్రాలు చివికిపోతున్నాయి. 1092లో గ్రెగరీ వాటికి నకళ్లు రాయడం మొదలుపెట్టాడు. అది 'రెజెస్టుం', మఠానికి వచ్చిన ఆస్తుల చిట్టా. 1103లో 'లార్గిటోరియుస్' ఎత్తుకున్నాడు. ఇది మఠం ఇతరులకిచ్చిన కౌళ్ల పుస్తకం. దీని అవసరం పాఠకుడికి విడమరిచి చెప్పు. కౌలు చాలాసార్లు మూడు తరాలకు రాసిచ్చేవారు. గడువు తీరేసరికి ఇచ్చినవాడూ ఉండడు, పుచ్చుకున్నవాడూ ఉండడు. తాత దున్నిన పొలం మనవడికి సొంతంలాగే కనిపిస్తుంది. అప్పుడు పత్రం చూపించలేకపోతే ఆ పొలం పోయినట్టే.

మఠం చరిత్ర, అంటే 'క్రోనికోన్', 1107లో గానీ మొదలుకాలేదు. నకళ్లు మొదలుపెట్టిన పదిహేనేళ్లకి! చివరికి డెబ్బై ఏళ్ల వయసులో, ఊరిపేరును బట్టి భూమిని వెతుక్కునే 'ఫ్లోరిగెర్' కట్టాడు. 'క్రోనికోన్'నే పట్టుకుని మిగతా మూడింటినీ వదిలెయ్యకు. నాకైతే ఆ మూడింటిలోనే మనిషి కనిపిస్తాడు.

'ఒక్క అక్షరం మార్చలేదు' అన్నావు, అది కొట్టెయ్. విషయంలో చేర్చడం, తీసెయ్యడం లేదన్నాడే గానీ, లాటిన్ తప్పులు దిద్దాడు. కాబట్టి పాత లేఖరి ఏ భాష రాశాడో ఆ నకలును బట్టి తేల్చలేవు. పొలం ఎవరిచ్చారో, ఎక్కడుందో తేల్చుకోవచ్చు.

ఆయన మఠం మనిషి, తటస్థుడు కాడు. భూములు పోగొట్టిన మఠాధిపతుల మీద ఆయన విసిరిన ప్రతి మాటనీ ఆయన పేరుతోనే రాయి, నీ తీర్పులా రాయకు.

తిరగరాసింది పంపు. ఈసారి నాలుగు పుస్తకాలూ వాటి సంవత్సరాల వరుసలో ఉండాలి.