దిగుమతుల పోటీ అని సేఫ్టీ తీసేస్తే చట్టం ఒప్పుకుంటుందా?

ప్రశ్న: నేను పవర్ ప్రెస్ మీద పనిచేస్తాను. బయటి దేశం సరుకు చవగ్గా దిగుతోందని మా ఓనర్ స్పీడ్ పెంచాడు, మెషిన్ గార్డు తీయించాడు, రెండు చేతులతో నొక్కాల్సిన బటన్లలో ఒకదానికి టేపేసి కట్టేశారు, గ్లౌజులు కూడా మమ్మల్నే కొనుక్కోమంటున్నాడు. చేయనంటే ఉద్యోగం తీసేస్తారా?

జవాబు: ముందు ఆ టేపు సంగతి చెప్తానండి, ఆ రెండో బటన్ పెట్టిందే మీ రెండో చెయ్యి డై (రేకుని నొక్కే అచ్చు) కింద ఉండకూడదని, దాన్ని కట్టేయడమంటే మీ వేళ్లని పణంగా పెట్టి పీసులు లెక్కపెట్టుకోవడమే. పోటీ ఉందనేది దీనికి సాకు కాదు. అమెరికాలో బట్టల మిల్లులవాళ్లు పత్తి దుమ్ము తగ్గించడం మాకు తలకు మించిన ఖర్చని కోర్టుకెళ్తే 1981లో అక్కడి సుప్రీంకోర్టు వాళ్ల మాట వినలేదు, చేయగలిగింది చేసి తీరాలంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 155వ ఒప్పందం కూడా 1981దే. సేఫ్టీకయ్యే ఖర్చు కార్మికుడి మీద వేయకూడదని అందులో ఉంది, కాబట్టి గ్లౌజులు ఓనరే ఇవ్వాలి. ప్రాణానికో ఒంటికో వెంటనే పెద్ద ప్రమాదం ఉందని నమ్మడానికి సరైన కారణం ఉండి పని ఆపితే శిక్షించకూడదని కూడా ఉంది. 2022లో ఆ సంస్థ సురక్షితమైన పనిచోటుని కార్మికుల ప్రాథమిక హక్కుల్లో చేర్చింది, ఈ ఒప్పందాన్ని ఆమోదించని సభ్య దేశాలు కూడా ఆ హక్కుని గౌరవించాల్సిందే, కాకపోతే కేసు నడిచేది మీ దేశ చట్టం కిందే.

పని ఆపితే మాత్రం ఇంటికెళ్లిపోకండి. సూపర్‌వైజర్‌కి వెంటనే చెప్పి, అదే మాట వాట్సాప్‌లో ఫోటోతో సహా పెట్టి, వేరే పని ఇస్తే చేస్తానని అక్కడే ఉండండి, చాలామంది కోపంలో గేటు దాటేసి కేసు పాడు చేసుకుంటారు. దుమ్ము, శబ్దం లాంటి నెమ్మదిగా దెబ్బతీసేవాటికి పని ఆపే దారి కష్టం, వాటికి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.

ఓనర్ కష్టం అబద్ధమని నేననను. చైనా సరుకు పోటీ పెరిగినప్పుడు అమెరికాలో, ముఖ్యంగా చిన్న ఫ్యాక్టరీల్లో, గాయాలు పెరిగాయని పరిశోధనలో తేలింది. ఆర్డర్లు తగ్గితే ముందు కోత పడేది మెయింటెనెన్స్‌కీ ట్రైనింగ్‌కీనే కదా. కానీ దానికి మందు యాంటీ డంపింగ్ సుంకం (మరీ తక్కువ ధరకి దింపే సరుకు మీద వేసేది), సేఫ్‌గార్డ్ సుంకం (దిగుమతులు ఒక్కసారిగా పెరిగితే కొంతకాలం వేసేది), వాటికోసం ఆయన ప్రభుత్వం దగ్గరికి వెళ్లాలి.

ఒకవేళ దెబ్బ తగిలితే, ఆర్డర్ పోతుందని ఓనర్ బతిమాలినా సరే, ఆరోజే ప్రమాదాల రిజిస్టర్‌లో రాయించండి, "తప్పు నాదే" అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.